ముగ్గురు మనుషుల వేడి

2024 మే నెలలో ఒక రాత్రి, రెండు దాటి ఉంటుంది, మంచినీళ్ల కోసం లేచి హాల్లోకి వస్తే నాన్న మంచం ఖాళీగా ఉంది. బాత్రూంలో లైటు లేదు. వీధి తలుపు గడియ తీసి ఉంది. బయట లిఫ్టు పక్కన మెట్ల మీద, భుజాన తడి తువ్వాలు వేసుకుని, గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదురా. ఇక్కడ కాస్త గాలి తగుల్తోంది."

అక్కడ ఒక్క కిటికీ కూడా లేదు. ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందని అడగాలని నాకు తట్టలేదు. "దోమలు కుడతాయి, లోపలికొచ్చి పడుకో" అనేసి వెనక్కి వచ్చాను. పడుకోబోయే ముందు అలవాటు కొద్దీ అక్వేరియం థర్మామీటరు చూశాను. 23.8. అంతా సవ్యంగానే ఉందనుకుని, ఏసీ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

ఆ అక్వేరియం నాన్న కోసమే పెట్టానని అందరికీ చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు. నాన్న అరకు లోయలో ఆశ్రమ పాఠశాలల్లో లెక్కల మాస్టారుగా 22 ఏళ్లు పనిచేశాడు. పదో తరగతి దాకా నేనూ అక్కడే పెరిగాను. రిటైరయ్యాక కూడా ఆయనా అమ్మా కొండ దిగలేదు. 2022లో అమ్మ పోయాక, ఒక్కడినీ అక్కడ వదిలెయ్యలేక, విశాఖలో మా రెండు బెడ్‌రూముల ఫ్లాటుకి తీసుకొచ్చాం. ఒక గది మాది. రెండోదాంట్లో పాప చదువు, నా ఆఫీసు టేబులు. నాన్న మంచం హాల్లో పడింది. టీవీ ఉంటుంది కదా, నాకక్కడే బాగుంటుంది అన్నాడు. ఆయన టీవీ చూడడు. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

వచ్చిన కొత్తలో ఆయన గంటల తరబడి బాల్కనీలోంచి ఎదుటి అపార్ట్‌మెంటు గోడనే చూస్తూ కూర్చునేవాడు. అరకు మీద బెంగ పెట్టుకున్నాడనుకున్నాను. బెంగ నాకూ ఉంది. 2023 జనవరిలో నాలుగడుగుల గాజుతొట్టి కొని, అందులో చాపరాయి కట్టడం మొదలెట్టాను.

చాపరాయి తెలియనివాళ్లకి: అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో, డుంబ్రిగూడ దగ్గర, ఒక వాగు పరుపుబండ మీద పల్చగా పరుచుకుని జారుతుంది. పేరుకి తగ్గట్టు బండ నిజంగానే చాప పరిచినట్టుంటుంది. ఆదివారాలు పులిహోర కట్టుకుని వెళ్లేవాళ్లం. అమ్మ చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని నీళ్లలో నడవడం, నాన్న చెప్పులు చేతబట్టుకుని వెనకాల రావడం, నాకు అరకు అంటే ఇదే. 'ఆంధ్రా ఊటీ' అనే మాట నాకు పడదు. ఒక ఊరిని ఇంకో ఊరి అద్దెపేరుతో పిలవడం ఏమిటో!

సరే, తొట్టి. ఇటువంటి తొట్టెలు కట్టేవాళ్లందరికీ జపాన్‌కి చెందిన తకాషి అమానో గురువు. 1954లో పుట్టి 2015లో పోయాడు. ఆయన ఫొటోగ్రాఫర్ కూడా. 'నేచర్ అక్వేరియం' అనే పద్ధతిని ప్రపంచమంతా పాకించాడు. నాలుగు రాళ్లు, ఒక మొద్దు, నాచు, ఫెర్న్ మొక్కలతో ఒక లోయనో కొండవాలునో గాజులో నిలబెట్టడం. నేను పలకరాళ్లు ఏటవాలుగా పేర్చి, ఒక పక్కనుంచి నీటిని తోసే మోటారు పెట్టి, రాళ్ల మీద నాచు అంటించాను. చేపలుగా ఆరు హిల్‌స్ట్రీమ్ లోచ్‌లు తెచ్చాను. బండకి అతుక్కుని బతికే చేపలు ఇవి. ఒళ్లంతా అప్పడంలా చదునుగా ఉంటుంది. కొండవాగుల చల్లటి నీళ్లు, నిండా ఆక్సిజన్, జోరు ప్రవాహం కావాలి వీటికి. నీళ్లు 24 డిగ్రీలు దాటకుండా ఉంటే సుఖంగా ఉంటాయి. విశాఖలో మే నెల్లో ఊరికే వదిలేసిన తొట్టిలో నీళ్లు 31 దాటుతాయి. అందుకని చిల్లర్ కొన్నాను. చిన్న ఫ్రిజ్ లాంటి యంత్రం. తొట్టి నీళ్లు దాని లోపలికెళ్లి చల్లబడి తిరిగొస్తాయి. దాన్ని తొట్టి కింది స్టాండులో పెట్టాను. దాని జాలీ ఎటు తిరిగి ఉందంటే, నాన్న మంచం తలవైపు.

నాన్నకి తొట్టి నచ్చింది. అందులో సందేహం లేదు. సాయంత్రం దీపం వెలగ్గానే కుర్చీ జరుపుకుని కూర్చునేవాడు. చుట్టాలెవరైనా వస్తే "మా వాడు చాపరాయి కట్టాడండీ" అని చూపించేవాడు. ఉక్కగా ఉందని మాత్రం ఎప్పుడూ అనలేదు. మా ఆవిడ రెండుసార్లు అంది: "మావయ్యగారు రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోవట్లేదు, ఆ మిషను పక్కన నించుంటే వేడిగాలి కొడుతోంది" అని. చిల్లర్ పని చల్లబరచడం కదా అని నేను నవ్వాను. నేను చదివింది బీటెక్ మెకానికల్. థర్మోడైనమిక్స్ పేపరు పాసయ్యాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పదేళ్లుంటే చదివింది ఎంత మర్చిపోతామో చెప్పడానికి ఇంతకన్నా రుజువక్కర్లేదు.

మెట్ల మీద కనపడిన వారానికి, పొద్దున బాత్రూంలోంచి వస్తూ నాన్న కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. మా ఆవిడ చూసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. డాక్టరు బీపీ మాత్రల చీటీ చూశాడు. అందులో ఒకటి ఒంట్లో నీటిని బయటికి పంపే రకం. చెమట, ఆ మాత్ర, తక్కువ నీళ్లు తాగే అలవాటు, మూడూ కలిశాయన్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"రాత్రి ఈయన పడుకునే గదిలో ఎంత వేడి ఉంటుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ గదిలో నీళ్ల వేడి ఏ గంటకి ఎంతో, దశాంశంతో సహా, పదహారు నెలల లెక్క నా ల్యాప్‌టాప్‌లో ఉంది. గాలి లెక్క లేదు. డాక్టరు నా ముఖం చూసి ఇంకేం అడగలేదు. నాన్న మాత్రం "అబ్బే, బాగానే ఉంటుందండీ" అన్నాడు.

ఇంటికొస్తూ వేడీ తేమా చూపించే చిన్న మీటర్లు రెండు కొన్నాను. ఒకటి నాన్న తలగడ పక్కన, ఇంకోటి బాల్కనీలో. రాత్రి పదింటికి బాల్కనీలో 30.9. హాల్లో 34.1. మర్నాడు చిల్లరూ దీపమూ కట్టేసి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు తొట్టిలో వేసి అదే సమయానికి మళ్లీ చూశాను. హాల్లో 32.4. అంటే నేరమంతా తొట్టిది కాదు. పగలంతా ఎండ తాగిన శ్లాబు, మూసిన కిటికీలు ఒకటిన్నర డిగ్రీలు పెంచుతున్నాయి. మిగతా 1.7 నాది.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. సంగతి చాలా సింపుల్. గోడ ప్లగ్గులోంచి తీసుకున్న ప్రతి వాటూ చివరికి ఆ గదిలో వేడిగానే తేలుతుంది. దీపం వెలుతురు రాళ్ల మీదా ఆకుల మీదా పడి వేడిగా మారుతుంది. మొక్కలు కిరణజన్యసంయోగక్రియకి దాచుకునేది లెక్కలోకి రానంత తక్కువ. ఫిల్టరు మోటారు నీళ్లని తిప్పుతుంది, ఆ తిరుగుడు రాపిడై అదీ వేడే. చిల్లర్ సంగతి ఇంకా బావుంటుంది. అది చలిని పుట్టించదు. నీళ్లలోని వేడిని పీల్చి జాలీలోంచి గదిలోకి ఊదుతుంది. ఆ వేడి నీళ్లలోకి వచ్చిందే గదిలోంచి. మళ్లీ గదిలోకే పోతుంది. అక్కడికక్కడికి సరి. పైన మిగిలేది చిల్లర్ తాగిన కరెంటు. నా చిల్లర్ 180 వాట్లు, మే నెల్లో రోజుకి 14 గంటలు తిరిగేది. దీపం 90 వాట్లు, 8 గంటలు. ఫిల్టరు 25 వాట్లు, రోజంతా. మొత్తం రోజుకి 3.8 యూనిట్ల చిల్లర. అంత వేడీ ఒక్క హాల్లో.

ఇంతకన్నా ముఖ్యమైంది, ఆ వేడి ఎప్పుడు పుడుతోందన్నది. దీపాన్ని నేను సాయంత్రం 4 నుంచి రాత్రి 12 దాకా పెట్టుకున్నాను, ఆఫీసునుంచి వచ్చాక చూసుకోవడానికి. దీపం వెలిగినంతసేపూ నీళ్లు వేడెక్కుతాయి, చిల్లర్ ఇంకాస్త ఎక్కువ తిరుగుతుంది. నాన్న పడుకునే వేళకి దీపం 90, ఫిల్టరు 25, ఆగుతూ తిరిగే చిల్లర్ సగటున 125, వెరసి 240 వాట్లు. నిద్రపోతున్న మనిషి ఒంట్లోంచి వెలువడే వేడి సుమారు 70 నుంచి 80 వాట్లుంటుంది. అంటే రోజూ రాత్రి ఆ మంచం పక్కన కనపడని మనుషులు ముగ్గుర్ని పడుకోబెట్టి, తలుపేసుకుని నేను ఏసీలో పడుకున్నాను.

ఈ ముగ్గురి లెక్క పొద్దున నాన్నకి చెప్పాను. లెక్కల మాస్టారు కదా, కాయితం అడిగి ఇంకోసారి కూడాడు. "కరెక్టే వచ్చిందిరా" అన్నాడు. దగ్గర పెట్టుకుని ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "చేపలు చచ్చిపోతాయన్నావు కదా" అన్నాడు.

తర్వాత నేను చేసింది కూడా తెలివైన పని కాదు. ఇంజనీరుకి ఒక తప్పు దొరికితే వెంటనే రెండో తప్పుతో దిద్దుతాడు. చిల్లర్ తీసేసి నీటి పైకి గాలి కొట్టే చిన్న ఫ్యాన్లు బిగించాను. ఆరు వాట్లే. నీరు ఆవిరైతే చల్లబడుతుంది కదా, కుండలో నీళ్లలాగ. లెక్క ప్రకారం చక్కగా ఉంది. ఒక లీటరు నీరు ఆవిరవ్వడానికి దాదాపు 0.67 యూనిట్ల వేడి కావాలి. నా తొట్టి రోజుకి 4 లీటర్లు తాగేస్తోంది. అంటే 2.7 యూనిట్ల వేడి మాయం. హాలు కూడా కాస్త చల్లబడింది, మీటరు ప్రకారం. కానీ నాన్న ఇంకా ఎక్కువ ఇబ్బంది పడ్డాడు. తడి తువ్వాలు ఆరడం మానేసింది.

సమాధానం ఆయన కుండలోనే ఉంది. అరకునుంచి వస్తూ తన మట్టికుండ ఒకటి తెచ్చుకున్నాడు నాన్న. అక్కడ వంటింటి కిటికీలో పెడితే మధ్యాహ్నానికి పళ్లు జివ్వుమనేవి. ఇక్కడ మాత్రం ఒళ్లంతా చెమటపట్టి కూర్చునేది గానీ నీళ్లు చల్లబడేవి కావు. "ఈ ఊళ్లో కుండకి కూడా ఉక్కపోతేరా" అని వచ్చిన వారంలోనే అన్నాడు. ఆయన జోకేశాడనుకున్నాను. ఆయన చెప్పింది వెట్‌బల్బ్ ఉష్ణోగ్రత గురించి. గాలిలో ఎంత తేమ ఉందన్నదాన్ని బట్టి, ఆవిరవుతున్న నీరు ఎంతవరకు చల్లబడగలదో దానికొక అడుగుమట్టం ఉంటుంది. గాలి 33 డిగ్రీలుండి తేమ 45 శాతం ఉంటే ఆ మట్టం 24 దగ్గర. అదే 33 డిగ్రీలకి తేమ 75 శాతమైతే మట్టం 29కి లేస్తుంది. సముద్రం పక్కన ఏ ఫ్యాన్ పెట్టినా నీళ్లు దానికన్నా దిగవు. కుండ దిగదు, తొట్టి దిగదు, మనిషి ఒళ్లూ దిగదు. మూడూ ఒకటే పద్ధతిలో చల్లబడతాయి. నేను రోజూ పోస్తున్న 4 లీటర్లు వెళ్లి ఆ హాలు గాలిలోనే కూర్చున్నాయి. తేమ 66 నుంచి 72కి ఎక్కింది. తొట్టి చెమట తుడవడానికి నాన్న చెమటని ఆరకుండా చేశాను.

మూడో ప్రయత్నం త్వరగా చెప్పేస్తాను. గోడకి కన్నం పెట్టి, పొడుగాటి పైపులేసి, చిల్లర్ని వెనక బాల్కనీలోకి మార్చాను. నిజానికి ఇది పుస్తకం ప్రకారం సరైన పద్ధతే, చోటున్నవాళ్లు చెయ్యొచ్చు. హాలు వెంటనే తేలికపడింది. ఐదోరోజు పక్క ఫ్లాటు ఆంటీ తలుపు కొట్టింది. "బాబూ, మీ బాల్కనీలోంచి వేడిగాలి మా వంటింట్లోకి కొడతంది, ఏటి, మిషనేటైనా పెట్టారా?" ఆవిడ వంటింటి కిటికీ నా చిల్లర్‌కి నాలుగడుగుల దూరంలో ఉంది. పొద్దున్నా సాయంత్రం ఆవిడ ఉండేది అక్కడే. హాల్లో ఏసీ పెట్టిద్దామంటే నాన్నకి దగ్గు. పెట్టినా దాని వేడీ అదే కిటికీ ముందుకి వస్తుంది, పైగా అది లాగే కరెంటు వేడిని కూడా వెంటబెట్టుకుని.

అక్కడికి నా తెలివితేటలు అయిపోయాయి.

"ఆ చేపల్ని పైకి పట్టుకెళ్లి చాపరాయిలో వదిలేద్దాం" అన్నాడు నాన్న. అది కుదరదని చెప్పడానికి నాకు సాయంత్రమంతా పట్టింది. ఎక్కడివో చేపల్ని ఇక్కడి వాగులో వదిలితే అవి చచ్చిపోవచ్చు, లేదా బతికి అక్కడివాటిని తినొచ్చు, రోగాలు అంటించొచ్చు. మన చెరువుల్లో, కాలవల్లో వలలు చించే డెవిల్ ఫిష్ గురించి పేపర్లో చదువుతుంటాడు నాన్న. అది అక్వేరియం షాపుల్లో గాజు నాకే బుల్లి చేపగా అమ్మినదే అంటే మొదట నమ్మలేదు. తర్వాత కాసేపు ఊరుకుని, "అయితే అరకులోనే ఎవరింట్లోనైనా ఉంచుదాం" అన్నాడు. నాకు తట్టని మాట.

నా క్లాస్‌మేట్ ఒకడు, నాన్న శిష్యుడు, డుంబ్రిగూడ దగ్గర మూడు గదులు కట్టి టూరిస్టులకి అద్దెకిస్తాడు. వెనక కాఫీ తోట ఉంది. ఫోన్ చేస్తే అంతా విని, "ఏట్రా, చలేసే చేపల్ని కొనుక్కుని సముద్రం పక్కన పెంచుతున్నావా?" అన్నాడు. వాడి ఇంటి వెనక, పైనున్న ఊటనుంచి పైపులో నీళ్లు వాటంతటవే దిగుతాయి. మోటారు లేదు. రాత్రీ పగలూ సన్నధార. ఊట నీళ్లలో థర్మామీటరు పెట్టించి చూస్తే మే నెల్లో కూడా 22. నాన్న అడగకుండానే బ్యాగు సర్దేశాడు.

చేపల్ని ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టి, థర్మకోల్ పెట్టెలో, పేపర్లో చుట్టిన ఐస్‌సీసాతో పాటు పెట్టుకుని పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. దాదాపు నాలుగు గంటలు. ఈ లైన్ని 1960ల్లో వేసింది మనుషుల కోసం కాదు, బైలడిల్లా ఇనపరాయిని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి. జపాన్‌వాడు మన కొండని ఓడల్లో పట్టుకుపోతే నేను ఇంకో జపాన్‌వాడి దగ్గర కొండని గాజులో కట్టడం నేర్చుకున్నానని నాన్నతో అంటే, "నువ్వు వ్యాసాలు రాస్తావు కాబట్టి అలా కలుపుతావు, ఇనుము ఇనుమే, చేప చేపే" అన్నాడు. ఆయనతో ఇదే ఇబ్బంది.

బొడ్డవర దాటాక ఘాటు మొదలవుతుంది. తర్వాత సొరంగాలు. మొత్తం లైన్లో 58 ఉన్నాయి. చిన్నప్పటిలాగే లెక్కపెట్టడం మొదలెట్టి ఎక్కడో తప్పిపోయాం. పెట్టె మూత మీద పెట్టిన మీటరు కిటికీ గాలిలో నెమ్మదిగా దిగుతోంది. కిలోమీటరు ఎత్తుకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని భౌగోళికశాస్త్రం పాఠం. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అంటే నా చిల్లర్ రాత్రింబవళ్లు తంటాలుపడి చేసే పనిలో పెద్ద భాగాన్ని కొండ ఊరికే చేసిపెడుతోంది. బొర్రా స్టేషన్ దగ్గర నాన్న లోయవైపు చూపించి గోస్తనీ అన్నాడు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చి, కింద తాటిపూడి జలాశయంలో నిలుస్తుంది. విశాఖకి నీళ్లిచ్చే జలాశయాల్లో అదొకటి. అంటే చల్లటి వాగునీరే కొండ దిగి, ఎండలో నిలిచి, పైపుల్లో తిరిగి, మా అపార్ట్‌మెంటు పైన నల్లటి సింటెక్స్ ట్యాంకులో ఉడికి మా కొళాయిలోకి వస్తోంది. దాన్ని మళ్లీ వాగంత చల్లగా చెయ్యడానికి నేను నెలకి 115 యూనిట్లు కాలుస్తున్నాను.

మా వాడి ఇంటి దగ్గర పని గంటలో అయిపోయింది. వరండాలో నీడపట్టున ఒక పాత గాజుతొట్టి, ఊటపైపు నుంచి సన్నధార దాంట్లోకి. పొంగిన నీళ్లు జల్లెడ దాటి అరటిపాదులోకి ఇంకిపోవాలి. జల్లెడ దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. ఒక్క చేప, ఒక్క నాచుముక్క వాగు దాకా పోకూడదు. సంచుల్ని నీళ్లలో తేల్చి, వేడి సమానమయ్యే దాకా కూర్చున్నాం. ఆరూ బతికాయి. మూత తీయగానే రాయికి అతుక్కున్నాయి. ధార కింది రాయికే, ఎవరో చెప్పినట్టు. ఇక్కడ వాట్లెన్ని అని నాన్న అడిగాడు. సున్నా.

మధ్యాహ్నం తోటలోకి తీసుకెళ్లాడు మా వాడు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకే మిరియం తీగలు, కింద కాఫీ. అరకు కాఫీకి ఎండ నేరుగా తగలకూడదు. నీడలో నిదానంగా పండాలి. నేను అక్కడ నించుని పైకి చూస్తూ, నా తొట్టి గురించి ఆలోచిస్తూ ఉండగా మా వాడన్నాడు: "ముందు నీడ పెట్టి తర్వాత మొక్క పెడతాం. మొక్క పెట్టీసి ఎండతో కొట్లాడతామేటి?" వాడి పాత పెంకుటిల్లు పక్కనే కొత్త శ్లాబు గదులున్నాయి. టూరిస్టులు శ్లాబే అడుగుతారట. వాటికి ఫ్యాన్లు బిగించాడు. తను, పెళ్లాం, పిల్లలు పడుకునేది మాత్రం పెంకుటింట్లోనే.

సాయంత్రం మాటల్లో నాన్న మత్స్యగుండం కబుర్లెత్తాడు. హుకుంపేట మండలంలో, మాచ్‌ఖండ్ నదిలో ఒక మడుగు. మాచ్‌ఖండ్ అన్నా మత్స్యగుండమే. అక్కడి చేపల్ని ఎవరూ పట్టరు. దేవుడి చేపలు. శివరాత్రికి జాతర జరుగుతుంది. నాన్న స్కూలు పిల్లల్ని వరసకట్టించి తీసుకెళ్లేవాడు. బొరుగులు వేస్తే చేపలు నీళ్లమీద నోళ్లు తెరుచుకుని గుంపులుగా వచ్చేవి. "మేం పట్టుకుందాం అనేవాళ్లం, మాస్టారు చెవి మెలేసేవారు" అన్నాడు మా వాడు. తొట్టి గొప్పదనం చేపల్ని దగ్గరగా చూడ్డమే అయితే, చెయ్యి వెయ్యకూడదన్న ఒక్క కట్టుబాటుతో అది అక్కడ ఎప్పుడో జరిగిపోయింది. గాజు లేదు, ప్లగ్గు లేదు. కాకపోతే దాన్ని హాల్లో పెట్టుకోలేం. నాకు హాల్లో కావాల్సొచ్చింది, అదీ చిక్కు.

మర్నాడు చాపరాయికి వెళ్లాం. జనం బాగా ఉన్నారు. బొంగుచికెన్ పొగ, సెల్ఫీలు. నాన్న చెప్పులు విడిచి చేతబట్టుకున్నాడు. అలవాటు. నేను జేబులోంచి అక్వేరియం థర్మామీటరు తీసి నీళ్లలో పెట్టాను. ఎండ తగిలే బండ మీది పల్చటి నీళ్లు 26. పక్కన చెట్ల నీడలో లోతుగా ఉన్నచోట 23. నా తొట్టి 23.8. కట్టినంతలో బాగానే కట్టానన్నమాట. నాన్న ఆ బండ మీద చాలాసేపు కూర్చున్నాడు, పాదాలు నీళ్లలో పెట్టి. కాళ్లు నానిపోయి తెల్లబడ్డాయి. "మీ అమ్మకి ఇక్కడ కాళ్లు జారతాయని భయం. నన్ను పట్టుకునేది కాదు, నీ భుజం పట్టుకునేది" అన్నాడు. నాకు గుర్తులేదు. నేను కట్టిన చాపరాయిలో ఆ సంగతి లేదు, ఉండే వీలూ లేదు.

విశాఖ తిరిగొచ్చాక తొట్టి తీసెయ్యలేదు. నాన్నే వద్దన్నాడు. చిల్లర్ అమ్మేశాను. అమ్మేటప్పుడు కొనేవాణ్ణి, దీన్ని ఎక్కడ పెడతారు, ఆ గదిలో ఎవరు పడుకుంటారు అని అడిగితే నన్ను వింతగా చూశాడు. రాళ్లు అవే, నాచు చాలావరకు పోయింది. చేపలు జీబ్రా డానియోలు. మన దేశపు వాగుల్లోవే. ప్రపంచమంతా ల్యాబుల్లో ఉండేవీ ఇవే. ఇవి 30 డిగ్రీలు ఉన్నా పెద్దగా పట్టించుకోవు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి చేపల సంఖ్య తగ్గించి, పైన నీళ్లు బాగా కదిలేలా ఫిల్టరు మూతి తిప్పాను. దీపం 40 వాట్లకి దించి, పొద్దున 6 నుంచి 11 దాకా పెట్టాను, హాలు ఇంకా చల్లగా ఉండే వేళలో. తొట్టికి మూతేశాను, ఆవిరి గదిలోకి రాకుండా. పడమటి కిటికీకి బయటివైపు వెదురుతడిక కట్టించాను. అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్లు అందం పోయిందన్నారు. నాన్న మంచం కిటికీ కిందికి జరిగింది. ఆ మీటరు ఇంకా తలగడ పక్కనే ఉంది. మొన్న వేసవిలో రాత్రి పదింటికి హాల్లో 31.8.

అది చల్లదనం కాదు. నాన్నకి ఇప్పటికీ చెమటపడుతుంది, కుండ ఇప్పటికీ చల్లబడదు. మెట్ల మీదికి మాత్రం వెళ్లడం లేదు. లేదా నాకు తెలియకుండా వెళ్తున్నాడేమో, ఆయన్ని నమ్మడానికి లేదు. అందుకని నేను రెండింటికి అలారం పెట్టుకుని కొన్నాళ్లు లేచి చూశాను కూడా.

అరకునుంచి ఫొటోలొస్తుంటాయి. ఆరు లోచ్‌లూ ఉన్నాయి. రాయికి అతుక్కుని ఉంటాయి కాబట్టి ప్రతి ఫొటోలోనూ వెతుక్కోవాలి.

పొద్దున దీపం స్విచ్ వేసేది ఇప్పుడు నాన్నే. టైమర్ పెడతానంటే వద్దన్నాడు. మొన్న కాఫీ తాగుతూ, దీపం కేసి చూస్తూ అడిగాడు.

"ఇప్పుడు మొత్తం ఎన్ని వాట్లు?"

"దీపం నలభై, కొత్త ఫిల్టరు పన్నెండు. యాభైరెండు."

కాసేపు లెక్కేసుకున్నాడు.

"అంటే ముప్పాతిక మనిషి కూడా కాడు. ఉండనీ."